ఎనిమిది మైకులు, ఒకటే గడియారం: మల్టీఛానెల్ ఆడియో కార్డు కథ

చెక్కభజన టీము ఒకటి రికార్డింగుకి వచ్చిందనుకుందాం. కడప, అనంతపురం చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇదేం వింత కాదు, పండక్కి ముందు ఒక పాట తీసి యూట్యూబులో పెట్టాలని ప్రతి టీముకీ ఉంటుంది. గురువు పాట ఎత్తుకుంటాడు, వెనక పది పన్నెండు మంది అందుకుంటారు, అందరి చేతుల్లో చెక్కలు, పక్కన ఒక హార్మోనియం, ఒక డోలక్కు. స్టూడియో అంటే మిద్దె మీద ఒక రూము, గోడలకు పాత దుప్పట్లు, ఒక కంప్యూటరు, రెండు మైకులు పట్టే చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు, అంటే మైకు శబ్దాన్ని నంబర్లుగా మార్చి కంప్యూటరుకు పంపే డబ్బా. ఆ రెండు మైకులూ రూము మధ్యలో నిలబెట్టి రికార్డు కొడితే ఏమొస్తుందో చెప్పాల్సిన పనే లేదు: చెక్కలు, చెక్కలు, మళ్ళీ చెక్కలు, వాటి వెనక యాడో గురువు గొంతు. సరేలే మిక్సింగులో చూసుకుందాం అని గొంతు పెంచితే చెక్కలూ దాంతోపాటే పెరుగుతాయి, ఎందుకంటే రెండూ ఒకే ట్రాకులో కలిసిపోయినాయి, కూరలో పడిన ఉప్పు మాదిరి, ఇంక ఏరడం అయ్యే పని కాదు.

మరి ఒక్కొక్కర్నీ విడివిడిగా పాడించి తర్వాత కలపొచ్చు కదా అంటారు చానా మంది. సినిమా పాటలు ఎక్కువగా అట్లనే చేస్తారు, చెవిలో క్లిక్ ట్రాకు టిక్ టిక్ అంటా ఉంటే దాని మీద ఒకరి తర్వాత ఒకరు. చెక్కభజనకు అది కుదరదు. పాట నిదానంగా మొదలై అడుగు మారే కొద్దీ ఊపందుకుంటుంది, కడాకు వచ్చేసరికి మొదటి వేగానికీ చివరి వేగానికీ పొంతనే ఉండదు, ఎప్పుడు ఎంత పెంచాలనేది గురువు కంటిచూపులో ఉంటుంది గానీ కంప్యూటర్లో ఉండదు. కడప పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ విన్నా అదే తీరు, చప్పట్లు, హార్మోనియం, డోలక్కు ఒకదాన్నొకటి తోసుకుంటా పోతాయి. కర్నూలు వైపు గొరవయ్యల డమరుకం, పిల్లనగ్రోవి, అనంతపురం ఉరుములు, ఇవన్నీ కలిసి మోగితేనే వాటికి ప్రాణం. అంటే కావాల్సింది ఏందంటే, అందరూ ఒకేసారి పాడాల, కానీ ఎవరి మైకు వాళ్ళకు, ఎవరి ట్రాకు వాళ్ళకు పడాల. ఎక్కువ మైకులను విడివిడి ట్రాకులుగా తీసుకునే ఇంటర్‌ఫేసు, అంటే మల్టీఛానెల్ కార్డు, దాని అవసరం పుట్టేది ఇక్కడే, అంతే గానీ ఇంట్లో ఒక్కడే కూర్చొని కీబోర్డు వాయించి పాడుకునే వాడికి ఎనిమిది ఇన్‌పుట్ల డబ్బా కొనడం దండగ, రెండు చాలు.

సరే, ఎనిమిది కావాలని తేలింది. షాపుకు పోతే లేదా ఆన్‌లైన్‌లో చూస్తే డబ్బా మీద 18 ఇన్ 20 అవుట్ అని రాసుంటుంది, చూసినోడు 18 మైకులు పెట్టొచ్చు అనుకుంటాడు. ఆ లెక్క అట్లా కాదు. బేరింజర్ యుఎంసి1820 తీసుకోండి, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 తీసుకోండి, రెండింట్లోనూ మైకు వైరు నేరుగా గుచ్చే సాకెట్లు ఎనిమిదే. ఇంకో ఎనిమిది ఏడాట్ అనే ఆప్టికల్ పోర్టులో నుంచి వస్తాయి, మిగిలిన రెండు ఎస్పీడిఫ్ అనే డిజిటల్ సాకెట్లో నుంచి. 8 ప్లస్ 8 ప్లస్ 2, అదీ 18. ఆ రెండో ఎనిమిది వాడాలంటే మైకు ప్రీయాంపులున్న, అంటే మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నలును పెంచే, ఇంకో డబ్బా విడిగా కొనాల, బేరింజర్ ఏడీఏ8200 లాంటిది. ఇది మోసమేం కాదు, నిజంగానే ఆ కార్డు 18 ఛానెళ్ళు కంప్యూటరుకు మోస్తుంది, కాకపోతే మోసేది వేరు, పుట్టించేది వేరు. ఇంకో మెలిక కూడా ఉంది. ఏడాట్ తీగలో 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే శబ్దాన్ని సెకనుకు 48 వేల సార్లు కొలిస్తే, 8 ఛానెళ్ళు పోతాయి, 96 పెడితే 4 అవుతాయి, 192 పెడితే రెండే. అంటే డబ్బా మీద 18 అని ఒక మూల, 192 కిలోహెర్ట్జ్ అని ఇంకో మూల రాసుంటే ఆ రెండూ ఒకేసారి నిజం కావు.

దీనికన్నా పెద్ద పొరపాటు యుఎస్‌బి మిక్సర్ల దగ్గర జరుగుతుంది. పన్నెండు ఛానెళ్ళ మిక్సరు, వెనక యుఎస్‌బి పోర్టు, ధర కూడా అందుబాటులో. ఇంకేం, పన్నెండు ట్రాకులు వస్తాయి కదా అని తెచ్చుకుంటారు, కంప్యూటరుకు గుచ్చితే రెండే కనపడతాయి, ఎడమ, కుడి. చానా అనలాగ్ మిక్సర్లలో యుఎస్‌బి అనేది చివర్లో కలిసిపోయిన స్టీరియోనే పంపుతుంది, పన్నెండు మైకులూ లోపలే కలిపి, కలిపింది పంపుతుంది. మళ్ళీ ఉప్పు కథే. కొనే ముందు ఒకటే అడగాల: యుఎస్‌బి మీద ఎన్ని ఛానెళ్ళు పోతాయి? అమ్మేవాడికి తెలీకపోతే మాన్యువల్‌లో ఆ ముక్క కచ్చితంగా ఉంటుంది.

మిక్సర్ల మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. జాతరలకూ పెళ్ళిళ్ళకూ సౌండ్ సర్వీసు నడిపేవాళ్ళ దగ్గర ఇప్పుడు డిజిటల్ మిక్సర్లు బాగానే కనపడుతున్నాయి. బేరింజర్ ఎక్స్32 ఉంటే దాని వెనక ఉండే యుఎస్‌బి కార్డు మీద 32 ఛానెళ్ళు పోతాయి 32 వస్తాయి, చిన్నది ఎక్స్ఆర్18 అయితే 18. అంటే వాళ్ళకు తెలిసో తెలీకో వాళ్ళ వ్యాన్లో ఒక పూర్తి స్థాయి మల్టీఛానెల్ ఇంటర్‌ఫేసు తిరుగుతా ఉంది. ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే పెద్ద రికార్డింగు ఉండే రూముకు, ఆ మిక్సరు ఒక రోజు బాడుగకు తెచ్చుకోవడం కార్డు కొనడం కన్నా తెలివైన పని. పైగా మైకులూ స్టాండ్లూ కూడా వాళ్ళే తెస్తారు. ఈ దారి ఎందుకో ఎక్కువ మంది వాడరు, స్టూడియో వాళ్ళకూ సౌండు వాళ్ళకూ మధ్య ఉండే చిన్నచూపే కారణమేమో.

ఇంక అసలు విషయం. రెండు ఇన్‌పుట్ల డబ్బా ఇప్పటికే ఉంది, స్నేహితుడి దగ్గర ఇంకోటి ఉంది, ఇంకో ఇద్దర్ని అడిగితే నాలుగు డబ్బాలు, ఎనిమిది ఇన్‌పుట్లు, యుఎస్‌బి హబ్బు పెట్టి అన్నీ గుచ్చేస్తే పోలా? చూడ్డానికి లెక్క కరెక్టే. విండోస్‌లో మొదటి అడ్డంకి ఆసియో డ్రైవరు, అంటే సాఫ్ట్‌వేరును కార్డుతో నేరుగా కలిపే ప్రోగ్రాము. రికార్డింగు సాఫ్ట్‌వేరు మామూలుగా ఒకసారికి ఒక్క ఆసియో డివైసునే తీసుకుంటుంది. దాన్ని దాటుకోవడానికి ఆసియో4ఆల్ లాంటివి ఉన్నాయి, నాలుగింటినీ ఒకటిగా చూపిస్తాయి, రికార్డింగు మొదలవుతుంది కూడా. మొదటి నిమిషం అంతా బాగానే ఉంటుంది. అసలు తంటా తర్వాత.

ప్రతి డబ్బా లోపలా ఒక క్వార్ట్జ్ ముక్క ఉంటుంది, చేతి వాచీలో ఉండే జాతిదే. అది కొట్టుకున్న లెక్కన సెకనుకు 48,000 సార్లు మైకు నుంచి వచ్చే కరెంటును కొలిచి నంబరు రాసుకుంటుంది, అదే శాంప్లింగ్. ఇప్పుడు రెండు డబ్బాలూ సెకనుకు 48,000 అంటాయి గానీ ఒకదాని సెకను ఇంకోదాని సెకనుతో సమానం కాదు. గోడకు రెండు గడియారాలు పెట్టి ఒకే టైముకు తిప్పి నెల తర్వాత చూస్తే ఒకటి రవ్వంత ముందుంటుంది కదా, అదే. ఈ క్రిస్టళ్ళ మధ్య పది లక్షల్లో 50 పాళ్ళు తేడా ఉందనుకోండి, అది పెద్ద తేడా ఏం కాదు, చౌక క్రిస్టళ్ళలో మామూలే. 5 నిమిషాల పాటకు 300 సెకన్లు, దాంట్లో ఆ తేడా 15 మిల్లీసెకన్లు. పాట మొదట్లో డోలక్కూ చెక్కా ఒకే దెబ్బగా పడతాయి, చివరికొచ్చేసరికి డోలక్కు ఒక చోట, చెక్కలు ఇంకో చోట. గంట ప్రోగ్రాము అయితే 180 మిల్లీసెకన్లు, అప్పటికి తాళం తప్పింది అని పక్కింటోళ్ళకు కూడా తెలుస్తుంది. దీంట్లో బాధాకరమైన సంగతి ఏందంటే తప్పు వాయించినోళ్ళ మీదికి పోతుంది. డోలక్కు ఆయన స్పీడు పట్టుకోలేకపోయినాడు అంటారు, ఆయన మాత్రం రాయి మాదిరి తాళం మీదే ఉన్నాడు, జారింది క్వార్ట్జ్ ముక్క.

మాక్‌లో అగ్రిగేట్ డివైస్ అని ఒక సౌకర్యం ఉంది, దాంట్లో డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్కు పెడితే ఒక డబ్బాను పెద్దగా పెట్టుకొని మిగతావాటి నంబర్లను సాగదీసో కుదించో సరిపెడుతుంది. అవసరానికి పనికొస్తుంది. కానీ ఛానెళ్ళన్నీ పుట్టుకతోనే ఒక గడియారం మీద పుట్టడం వేరు, తర్వాత సాగదీసి అతికించడం వేరు. మల్టీఛానెల్ కార్డుకు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఎనిమిది సాకెట్లకు కాదు, ఆ ఎనిమిదింటినీ ఒకే క్షణంలో కొలిచే ఆ ఒక్క గడియారానికి అనుకోవాల.

అదే సూత్రం రెండో డబ్బా కలిపేటప్పుడు కూడా. ఏడాట్ తీగ మీద ఛానెళ్ళతోపాటు గడియారం కూడా ప్రయాణం చేస్తుంది, అందుకే రెండు యుఎస్‌బి డబ్బాలు కలవకపోయినా ఏడాట్‌తో కలిపినవి కలుస్తాయి. కాకపోతే ఎవరు గురువు ఎవరు శిష్యుడు అనేది ముందే తేల్చాల. ఒకటి ఇంటర్నల్ క్లాకు మీద ఉండాల, రెండోది ఆ తీగలో వచ్చే క్లాకు వినాల. రెండూ ఇంటర్నల్ మీద వదిలేస్తే చెక్కభజనలో ఇద్దరు గురువులు చెరొక వేగం ఎత్తుకున్నట్టే. అప్పుడు వచ్చే జబ్బు లక్షణం కూడా గుర్తుపట్టడం తేలిక: రెండింటి తేడా పది లక్షల్లో 20 పాళ్ళయితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకు దాదాపు ఒక శాంపిలు జారుతుంది, జారినప్పుడల్లా చిటుక్కుమని ఒక శబ్దం. సెకనుకోసారి, లెక్కగా, చిటుక్, చిటుక్. కేబుల్ మార్చి చూస్తారు, మైకు మార్చి చూస్తారు, విండోస్ మళ్ళీ ఎక్కిస్తారు, పోదు. క్లాక్ సోర్సు అనే చోట ఒక్క మార్పు చేస్తే పోతుంది. ఏడీఏ8200 లాంటి వాటికి వెనక ఒక చిన్న స్విచ్చే ఉంటుంది దీనికోసం, దాన్ని ముట్టుకోకుండా ఏళ్ళు గడిపేసినవాళ్ళు ఉన్నారు.

ఇంకో రకం గడియారం గొడవ ప్రాజెక్టు 44.1 కిలోహెర్ట్జ్ మీద తెరిచి కార్డు 48 మీద ఉంచితే వస్తుంది. 44.1 సీడీల లెక్క, 48 వీడియోల లెక్క. 44.1 మీద తీసిన పాటను 48 వేగంతో తిప్పితే పాట తొమ్మిది శాతం దాకా వేగం పెరిగి, శ్రుతి హార్మోనియం మీద సుమారు ఒకటిన్నర మెట్టు పైకి పోతుంది. గురువు గొంతు పిల్లోడి గొంతు మాదిరి వినపడితే ముందు అనుమానించాల్సింది దీన్నే. యూట్యూబుకే పెట్టేదైతే మొదట్నుంచీ 48 పెట్టుకోవడమే మేలు, 96, 192 అంటా పోవాల్సిన పని లేదు.

ఈ ఏడాట్ పోర్టు ఎక్కడిది అనేది చిన్న కథ. అలెసిస్ అనే అమెరికా కంపెనీ 1991లో ఒక టేపు రికార్డరు చూపించింది, 1992లో అమ్మకానికి వచ్చింది, దాని పేరే ఏడాట్. మనం అద్దెకు తెచ్చుకుని సినిమాలు చూసిన వీసీఆర్ క్యాసెట్టు ఉంది కదా, దాని అన్న లాంటి ఎస్‌వీహెచ్ఎస్ క్యాసెట్టు మీద ఎనిమిది డిజిటల్ ట్రాకులు రాసేది. లక్షలు లక్షలు పోసి పెద్ద స్టూడియోలు మాత్రమే కొనగలిగిన డిజిటల్ మల్టీట్రాకును 4,000 డాలర్ల లోపుకు తెచ్చింది, 16 మెషీన్లు కలిపితే 128 ట్రాకులు. వాటిని కలపడానికి పెట్టుకున్న ఆప్టికల్ తీగ లెక్కే ఇప్పటికీ నడుస్తా ఉంది. టేపు పోయింది, మెషీను పోయింది, పోర్టు మాత్రం మిగిలింది. తీగ కూడా ప్రత్యేకమైనదేం కాదు, టీవీ నుంచి హోమ్ థియేటరుకు వేసే ఆ ఎర్ర వెలుతురు తీగే, మామూలు టాస్‌లింక్, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది.

కార్డు అని ఇప్పటికీ అంటున్నాం గానీ ఇవి నిజంగా కార్డులుగా ఉన్న కాలం 1990ల చివరి నుంచి ఒక పదేళ్ళు. కంప్యూటరు మూత తీసి తెల్ల పీసీఐ స్లాటులో గుచ్చేవాళ్ళు. మామూలు సౌండు కార్డులు పాటలు వినడానికీ గేములకీ చేసినవి, రెండు ఛానెళ్ళే, వాటిల్లో కొన్ని ఏం పంపినా లోపల 48కి మార్చేసుకునేవి. రికార్డింగు కోసం వచ్చినవి వేరే జాతి. ఎం ఆడియో డెల్టా 1010 అంటే ఎనిమిది అనలాగ్, రెండు ఎస్పీడిఫ్, మొత్తం పది, అనలాగ్ సాకెట్లు బయట ఒక డబ్బాలో. జర్మనీ ఆర్ఎంఈ వాళ్ళ హామర్‌ఫాల్ డిజి9652 అయితే దాంట్లో అసలు మైకు సాకెట్టే లేదు, మూడు ఏడాట్లు, ఒక ఎస్పీడిఫ్, 26 లోపలికి 26 బయటికి, ఊరికే నంబర్లు మోసే కూలీ అది. కూలీ అన్నా దాన్ని మించిన నమ్మకస్తుడు లేడని పేరు. కంప్యూటరు ప్రాసెసరును కదిలించకుండా నేరుగా మెమరీలోకి రాయడం దాని గొప్ప.

ఇవి ఇప్పటికీ బెంగళూరు ఎస్పీ రోడ్డు లాంటి చోట్ల సెకండ్ హ్యాండులో తగులుతుంటాయి, అనంతపురం నుంచి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తెచ్చుకోవచ్చు కాబట్టి కుర్రోళ్ళకు ఆశ పుడుతుంది. ఆశ తప్పు కాదు గానీ రెండు చూసుకోవాల. ఒకటి, కొత్త మదర్‌బోర్డుల్లో పాత పీసీఐ స్లాటు దాదాపు కనుమరుగైంది, అంటే కార్డుతోపాటు పాత కంప్యూటరు కూడా పోషించాల. రెండు, డ్రైవరు. డెల్టా కార్డులకు కొత్త విండోసులకు డ్రైవర్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. లైనక్స్‌లో మాత్రం ఐస్1712 డ్రైవరుతో డెల్టా కార్డులు నిక్షేపంగా పనిచేస్తాయి, ఓపికుంటే అది ఒక దారి. అసలు ఏ కార్డుకైనా ఆయుష్షు ఇనుములో ఉండదు, డ్రైవరులో ఉంటుంది. సాకెట్లు చెడిపోయి పారేసిన కార్డుల కన్నా డ్రైవరు లేక మూలన పడిన కార్డులే ఎక్కువ కనపడతాయి.

పీసీఐ నుంచి ఫైర్‌వైర్‌కు, దాన్నుంచి యుఎస్‌బికి, థండర్‌బోల్టుకు ఇట్లా తీగ మారుతా వచ్చింది, ఇప్పుడు డాంటే అని నెట్‌వర్క్ కేబులు మీద కూడా నడుస్తుంది. దీంట్లో ఎక్కువ తల బద్దలు కొట్టుకోవాల్సిందేం లేదు. ఒక్కో నంబరుకు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, ఎనిమిది ఛానెళ్ళు, లెక్క కడితే సెకనుకు 9 మెగాబిట్ల చిల్లర. యుఎస్‌బి 2 పేరుకు 480. ఏనుగు మీద ఎండుగడ్డి. కాబట్టి టైప్ సీ ఉంది, యుఎస్‌బి 3 ఉంది అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఛానెళ్ళ విషయంలో దానికీ దీనికీ సంబంధం లేదు. డిస్కు కూడా అంతే, ఎనిమిది ట్రాకులకు నిమిషానికి 69 ఎంబీ, గంటకు నాలుగు జీబీ పైన, ఇప్పటి ఎస్ఎస్‌డీకి అదొక లెక్క కాదు.

తీగలో వేగం సరిపోతుంది, మరి లేటు ఎందుకొస్తుంది? గాయకుడు మైకులో పాడితే హెడ్‌ఫోన్లో తన గొంతు తనకే వెనకబడి వినపడడం, అదే లేటెన్సీ. కంప్యూటరు శాంపిళ్ళను ఒక్కొక్కటిగా తీసుకోదు, బిందె నిండినాక ఎత్తుకున్నట్టు ఒక బఫరు నిండినాక తీసుకుంటుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ళ బఫరు నిండడానికి 2.7 మిల్లీసెకన్లు, 1024 అయితే 21. పోయేటప్పుడు ఒక బిందె, వచ్చేటప్పుడు ఒక బిందె, మధ్యలో శబ్దాన్ని నంబర్లుగా, నంబర్లను శబ్దంగా మార్చే కన్వర్టర్లు, డ్రైవరు జాగ్రత్తకు దాచుకునేది రవ్వంత. అంతా కలిపి 128 మీద కూడా మంచి డివైసుల్లోనే 8, 10 మిల్లీసెకన్ల దగ్గర తేలుతుంది. 10 మిల్లీసెకన్లంటే గాలిలో శబ్దం 3.4 మీటర్లు పోయే టైము, పదకొండు అడుగులు. పదకొండు అడుగుల దూరంలో హార్మోనియం పెట్టుకొని పాడమంటే ఎవరూ ఇబ్బంది పడరు. కానీ తన గొంతు తనకు ఎముకల గుండా వెంటనే వినపడి, అదే గొంతు హెడ్‌ఫోన్లో రవ్వంత లేటుగా వస్తే రెండూ కలిసి డబ్బాలో తలపెట్టి పాడినట్టు బోలుగా అవుతుంది, మంచి గాయకులు కూడా శ్రుతి వెతుక్కుంటారు.

1990ల్లో విండోస్ సొంత దారి గుండా పోతే శబ్దం బాగా లేటయ్యేది, అందుకే 1997లో స్టైన్‌బర్గ్ వాళ్ళు ఆసియో అని పక్క దారి వేసినారు, విండోసును దాటి సాఫ్ట్‌వేరు నేరుగా కార్డుతో మాట్లాడుకునే దారి. ఇప్పటికీ విండోస్‌లో అదే రాజమార్గం. అయినా అసలు మందు బఫరు తగ్గించడం కాదు, గొంతును కంప్యూటరు దాకా పోనీయకుండా కార్డులోనే తిప్పి హెడ్‌ఫోనుకు ఇచ్చేయడం, డైరెక్ట్ మానిటరింగ్ అంటారు. పెద్ద కార్డుల్లో చానా వాటికి దీనికోసం లోపల ఒక పూర్తి మిక్సరే ఉంటుంది, గురువుకు ఒక మిక్సు, డోలక్కు ఆయనకు ఇంకో మిక్సు. అప్పుడు బఫరు 1024 పెట్టుకున్నా ఎవరికీ ఏం తెలీదు, పాత కంప్యూటరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. బఫరు 32కు దించి, కటకట శబ్దాలొస్తే కార్డును తిట్టుకోవడం కన్నా ఇది సుఖం.

24 బిట్ల సంగతి ఒక్క మాట. ఒక్కో బిట్టుకు ఆరు డెసిబెల్స్ లెక్కన 16 బిట్లకు 96, 24 బిట్లకు 144. నిజంలో 144 ఇచ్చే కన్వర్టరు లేదు, మంచివి 110 నుంచి 120 దాకా. అయినా అది చానా ఎక్కువ, కాబట్టి మీటరు ఎర్ర గీతకు ముట్టేదాకా గెయిన్, అంటే మైకు మట్టం, పెంచాల్సిన పాత అలవాటు మానుకోవచ్చు. చెక్కభజన చివర్లో ఎంత ఊగిపోతుందో ముందు తెలీదు, రిహార్సల్లో కొట్టిన దెబ్బ వేరు, రికార్డింగులో పూనకమొచ్చినప్పుడు కొట్టే దెబ్బ వేరు. మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర పెట్టుకొని వదిలేస్తే నష్టం లేదు, పగిలిన శబ్దాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు.

ఇంక కరెంటు. మన వైపు స్టూడియోల్లో కార్డు బాగలేదు అని పెట్టే కేసుల్లో సగం ఎర్తు కేసులే. మైకు ఆన్ చేస్తే వెనక జుమ్మ్ అని ఒకటే శబ్దం, తీసి చూస్తే 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది గోడలో నుంచి వచ్చిందే. రెండు ఇన్‌పుట్ల డబ్బా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచినప్పుడు ఇది వినపడదు, పెద్ద కార్డుకు మారినాకే మొదలవుతుంది, అందుకే నింద కార్డు మీద పడుతుంది. పెద్ద కార్డుకు విడిగా అడాప్టరు ఎందుకంటే కండెన్సర్ మైకుకు, అంటే బయట నుంచి కరెంటు కావాల్సిన రకం మైకుకు, కార్డు నుంచే 48 వోల్టులు పోవాల, ప్రమాణం ప్రకారం మైకుకు 10 మిల్లీయాంపుల దాకా తీసుకోవచ్చు, ఎనిమిది మైకులకు 3.84 వాట్లు, యుఎస్‌బి 2 పోర్టు ఇచ్చేదే మొత్తం 2.5 వాట్లు. సరిపోదు, కాబట్టి గోడకు పోవాల్సిందే. గోడకు పోగానే కంప్యూటరు ఒక ప్లగ్గులో, కార్డు ఇంకో ప్లగ్గులో, స్పీకర్లు మూడో ప్లగ్గులో, వాటి ఎర్తుల మధ్య రవ్వంత వోల్టేజీ తేడా ఉన్నా అది ఆడియో వైర్ల కవచం గుండా చుట్టూ తిరుగుతుంది. అదే గ్రౌండ్ లూపు. దీనికి తోడు కరెంటు పోతే ల్యాప్‌టాపు నడుస్తా ఉంటుంది, కార్డు ఆగిపోతుంది, ఖవ్వాలీ మంచి పట్టులో ఉన్నప్పుడు. చిన్న యూపీఎస్ కార్డుకు కూడా కావాలనేది ఒక్కసారి అనుభవమైతే మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు. చౌక స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద మాత్రం వద్దు, ఆ కరెంటు తనతోపాటే ఒక బుర్రుమనే శబ్దం తెస్తుంది.

మందులు వరసగా తేలికైనవి నుంచి చూసుకుంటా పోవాల. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, ఆ బోర్డు ఒకే ప్లగ్గుకు, సగం లూపులు అక్కడే తెగిపోతాయి. స్పీకర్లకు బ్యాలన్స్‌డ్ కేబులు, అంటే ఒకే పాటను రెండు తీగల్లో ఒకటి నిటారుగా ఒకటి తలకిందులుగా పంపేది, దారిలో పడిన జుమ్మ్ రెండింటి మీదా ఒకటే తీరుగా పడుతుంది, అవతల ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే పాట రెట్టింపై జుమ్మ్ పోతుంది. కీబోర్డు లైను నుంచి వస్తుంటే గ్రౌండ్ లిఫ్టు ఉన్న డీఐ బాక్సు, అంటే మధ్యలో పెట్టి ఆడియో వైరు ఎర్తును తెంచే చిన్న డబ్బా. రెండో ప్రీయాంపు డబ్బా ఉంటే ఏడాట్ ఇంకో ఉపకారం చేస్తుంది: ఆ తీగలో పోయేది వెలుతురు, రాగి కాదు, కాబట్టి దాని గుండా ఎర్తు తిరగడానికి దారే లేదు. చేయకూడనిది ఒకటే, ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేయడం. జుమ్మ్ పోతుంది నిజమే, ఏదో ఒక రోజు కార్డు బాడీకి కరెంటు తగిలితే మైకు పట్టుకున్న మనిషి గుండా భూమిలోకి పోతుంది.

ఇన్ని చేసినా పోకపోతే గోడ వెనక చూడాల. ల్యాప్‌టాప్ రెండు పిన్నుల అడాప్టరుతో నడుస్తా, మూడు పిన్నుల ప్లగ్గున్న కార్డుకు గుచ్చి ఉన్నప్పుడు మైకు ముట్టుకుంటే పెదవులకు చీమ కుట్టినట్టు అవుతుందంటే, ఆ ఇంటి ఎర్తు పేరుకే ఉందని అర్థం. మల్టీమీటరు ఏసీలో పెట్టి ప్లగ్గులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడొచ్చు, ఒకటి రెండు వోల్టులుంటే పర్వాలేదు, అంతకంటే బాగా ఎక్కువ చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. ఎర్తు గుంత పనిచేయాలంటే లోపల తడి ఉండాల, అందుకే ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పోయడానికి పైపు పెడతారు. అనంతపురం నేలలో ఏప్రిల్, మే నెలల్లో ఆ గుంత ఎండి రాయి అయిపోతుంది, వానాకాలంలో శుభ్రంగా పనిచేసిన స్టూడియో ఎండాకాలం జుమ్మంటుంది, మధ్యలో కార్డు మార్చినోడు కార్డును తిడతాడు. సెషను ముందు రోజు సాయంత్రం ఆ పైపులో నాలుగు బిందెల నీళ్ళు పోసి, పొద్దున మళ్ళీ మల్టీమీటరు పెట్టి చూస్తే తేడా కనపడుతుంది. అప్పటికీ శబ్దం ఉండి, అది జుమ్మ్ కాకుండా సన్నగా జిర్రుమంటుంటే ఎర్తును వదిలేసి ఫ్యాను రెగ్యులేటరు చూడండి, పూర్తి స్పీడులో పెడితే ఆగిపోతే దొంగ అదే. మే నెలలో ఫ్యాను పూర్తి స్పీడులో పెడితే ఆ గాలి మైకులో పడుతుంది, ఆపితే చెక్కభజన టీము పది నిమిషాలు ఆగదు, కాబట్టి ఆ రికార్డింగు తెల్లారి ఐదుకు పెట్టుకోవడమే.